మామిడి తొక్క వేశాక గోబర్ గ్యాస్ మంట నిలవడం లేదు, పులుపు ఎక్కువైందా? తెలిసినవాళ్లు చెప్పండి

తోతాపురి_తోట (బంగారుపాళ్యం)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఆవులున్నాయి, దీనబంధు రకం గోబర్ గ్యాస్ ప్లాంటు ఉంది. ఏళ్లుగా పొద్దున్నే పేడ, అంతే నీళ్లు కలిపి పోస్తున్నాం. రెండు పూటలా వంట అయిపోతుంది. ఈ సీజన్లో పల్ప్ ఫ్యాక్టరీల నుంచి తోతాపురి తొక్క ట్రాక్టర్ల మీద పోతుంటే, ఊరికే పోవడం ఎందుకని మా చిన్నాన్న రోజూ కొంత తెప్పించి, టెంకలు ఏరేసి, తొక్క చితక్కొట్టి ప్లాంటులో వేయించాడు.

మొదట్లో గ్యాస్ బాగా పెరిగింది. స్లర్రీ (లోపలి పేడ నీళ్లు) బయటి తొట్టిలోకి పొర్లేంత ఒత్తిడి వచ్చింది. ఇప్పుడు గ్యాస్ వస్తోంది కానీ మంట నిలవదు. అగ్గిపుల్ల పెడితే ఒక్కసారి నీలంగా లేచి ఆరిపోతుంది. స్లర్రీ పుల్లటి కంపు కొడుతోంది. చిన్నాన్న సున్నం బస్తా తెచ్చిపెట్టుకున్నాడు, రేపు మొత్తం పోసేస్తానంటున్నాడు. పోయొచ్చా?

ఆవులదొడ్డి (పలమనేరు)

బస్తా పోయొద్దు తమ్ముడూ. చిన్నాన్నకు ముందు ఆ మాట చెప్పు, మిగతాది తర్వాత చదువు.

నీ ప్లాంటు పులిసిపోయింది. లోపల రెండు తెగల సూక్ష్మజీవులు పనిచేస్తాయి. మొదటి తెగ మనం వేసిన మేతను విరగ్గొట్టి ఆమ్లాలుగా మారుస్తుంది. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం, ఇంకా అలాంటివి కొన్ని. రెండో తెగ వాటి నుంచి మీథేన్ తయారు చేస్తుంది. మన పొయ్యి వెలిగేది ఆ మీథేన్‌తోనే. మొదటి తెగ చురుకుది, ఎంత మేత వేస్తే అంత పని చేస్తుంది. రెండో తెగ నిదానం, పైగా సున్నితం. పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 6.8 నుంచి 7.2 దాకా ఉంటే దానికి హాయి. 6.5 కిందికి దిగితే మందగిస్తుంది, ఇంకా దిగితే పని మానేస్తుంది. అది మానేసినా మొదటి తెగ ఊరుకోదు, ఆమ్లం చేస్తూనే ఉంటుంది. అట్లా పులుపు మీద పులుపు పేరుకుంటుంది.

పేడలో ఈ పులుపును తట్టుకునే సత్తువ సహజంగానే ఉంది, బైకార్బనేట్, అమ్మోనియా ఉంటాయి కాబట్టి. మామిడి తొక్కలో చక్కెర ఎక్కువ, నత్రజని తక్కువ. చక్కెర వేగంగా ఆమ్లంగా మారుతుంది, ఆపే పేడేమో నిష్పత్తిలో తగ్గిపోయింది. మొదట్లో గ్యాస్ పెరిగిందన్నావే, అందులో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్ అయివుంటుంది. మామూలు గోబర్ గ్యాస్‌లో మీథేన్ 55 నుంచి 65 శాతం దాకా ఉంటుంది. అది సగం కన్నా బాగా తగ్గితే ఒత్తిడి ఎంత ఉన్నా మంట పట్టదు.

ఇప్పుడు తొక్క పూర్తిగా ఆపు. పేడ కూడా కొన్నాళ్లు ఆపు. మీ పక్కన బాగా నడుస్తున్న ప్లాంటు ఎవరిదైనా ఉంటే వాళ్ల స్లర్రీ కొన్ని బకెట్లు అడిగి తెచ్చి పోయి. అది మందు కాదు, మనుషుల్ని అరువు తెచ్చుకున్నట్టు: రెండో తెగ బలగం అందులో ఉంటుంది. ఆ తర్వాత పేడ కొంచెం కొంచెంగా మొదలుపెట్టు.

ఇంకొక్కటి. లోపల ఏమైందో చూద్దామని ఎవరూ తొట్టిలోకి దిగకూడదు, తల కూడా పెట్టకూడదు. ఆ గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. మోతాదు ఎక్కువైతే ముక్కుకు వాసన తెలిసే శక్తే పోతుంది, మనిషి అక్కడికక్కడే పడిపోతాడు. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోయిన ఇళ్లున్నాయి.

తోతాపురి_తోట (బంగారుపాళ్యం)

చాలా థాంక్స్ అన్నా. చిన్నాన్నను ఆపాను. కానీ ఆయన ప్రశ్న ఒకటే. పులుపుకు సున్నం విరుగుడే కదా, పోస్తే తప్పేంటి?

ఆవులదొడ్డి (పలమనేరు)

విరుగుడే. కానీ అది పులుపు కంటే ముందు గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది. సున్నం, ఆ గ్యాస్ కలిస్తే సుద్ద అవుతుంది. బస్తా ఒక్కసారి పోస్తే డోమ్‌లోని (ప్లాంటు పై గుమ్మటంలోని) గ్యాస్ హఠాత్తుగా తగ్గి, లోపల ఒత్తిడి బయటి గాలి కంటే కిందికి పడిపోవచ్చు. డోమ్ పగుళ్లిచ్చిందంటే మళ్లీ కట్టించుకోవడమే. సుద్ద అడుగున చేరి గట్టిపడుతుంది, దాన్ని తీయడం నరకం. పీహెచ్ మరీ కింద ఉంటే సున్నపు తేట కొద్దికొద్దిగా పోసి, కలియబెట్టి, కొలిచి, మళ్లీ పోయాలి. వంట సోడా అయితే ఇంకా నెమ్మదిగా, భద్రంగా పనిచేస్తుంది, ఖర్చు మాత్రం ఎక్కువ. ఏది పోసినా కొలవకుండా పోయకూడదు.

మందార_టీచర్ (తిరుపతి)

కొలవడం గురించి నేను చెబుతాను. హైస్కూల్లో రసాయన శాస్త్రం చెబుతాను, ఈ పీహెచ్ అన్న మాట దగ్గర పిల్లలూ పెద్దలూ ఒకే చోట ఆగిపోతారు.

డెన్మార్క్‌లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన సోరెన్‌సెన్ 1909లో ఈ కొలతను తెచ్చాడు. 7 అంటే తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఇంతవరకు అందరికీ తెలుసు. గుర్తుపెట్టుకోవాల్సింది మెట్టు ఎత్తు. ఒక్క అంకె దిగితే పులుపు పది రెట్లు పెరిగినట్టు. 7 నుంచి 6కు వస్తే పదింతలు, 5కు వస్తే వందింతలు. అందుకే 7.0 ఉన్న ప్లాంటు 6.2కు వచ్చిందంటే చూడ్డానికి చిన్న తేడా అనిపిస్తుంది కానీ ఆమ్లం ఆరింతలు దాటినట్టు. సముద్రం సంగతీ అంతే. పారిశ్రామిక యుగం ముందు 8.2 దగ్గర ఉన్న పీహెచ్ ఇప్పుడు 8.1 దగ్గర ఉంది. 0.1 తేడాకే ఆమ్లత సుమారు నాలుగో వంతుకు పైగా పెరిగింది. గవ్వలు, పగడాలు తమ పెంకు కట్టుకోవడానికి కష్టపడే పరిస్థితి అక్కడి నుంచే వచ్చింది.

పీహెచ్ పేపర్ బుక్‌లెట్లు ల్యాబ్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతాయి, ఖరీదు పెద్దగా ఉండదు. 6 నుంచి 8 మధ్య చిన్న తేడాలు చూపించే రకం అడగండి. 1 నుంచి 14 దాకా ఉన్న పేపర్‌తో 6.4, 6.8 తేడా తెలియదు. స్లర్రీ రంగు పేపర్ మీద అంటుకుని తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి, చిన్న గ్లాసులో తీసి, తేరుకోనిచ్చి, పైతేటలో ముంచి చూడండి. గ్లాసు బయట ఎక్కువసేపు పెడితే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, వెంటనే చూడాలి.

పసుపుతో చూడొచ్చా అని కొందరు అడుగుతారు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా అవుతుంది కదా, అది క్షారాన్ని పట్టిస్తుంది. పులుపును పట్టించదు. దానికి మందార పువ్వు కావాలి. రెక్కలు వేడినీళ్లలో నానబెట్టి ఆ రసంలో నిమ్మరసం వేస్తే చిక్కటి గులాబీ రంగుకు వస్తుంది, సున్నపు తేట వేస్తే ఆకుపచ్చకు తిరుగుతుంది. పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచిది లేదు. ప్లాంటుకు మాత్రం పేపరే వాడండి.

గానుగపల్లె (ఐరాల)

మేడం సున్నం మాట ఎత్తారు కాబట్టి నేనూ ఒకటి చెబుతా. మాది బెల్లం ఇల్లు. మా నాన్న పీహెచ్ అన్న మాట వినకుండానే జీవితమంతా పీహెచ్ సరిచేశాడు.

చెరకు రసం గానుగ నుంచి వచ్చేటప్పటికే కొంచెం ఆమ్లం, 5.2 నుంచి 5.5 దాకా ఉంటుంది. చెరకు కొట్టి రెండు మూడు రోజులు ఎండలో పడేస్తే ఇంకా పులుస్తుంది. ఆ పులుపుతోనే కాచితే వేడికి అసలు చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. అవి గట్టిపడవు, గాలిలో తేమ లాక్కుంటాయి. అట్లాంటి బెల్లం అచ్చులో నిలవదు, వానాకాలానికి కారిపోతుంది. అందుకే రసం కాగేటప్పుడు సున్నపు తేట పోస్తాం. మా నాన్న కొంచెం పోసి, గరిటెతో రసం పైకెత్తి వెలుతురుకు పట్టి చూసేవాడు. మడ్డి చిన్న చిన్న రేణువులుగా విడిపోయి, మధ్యలో రసం తేటగా కనిపిస్తే చాలు, చెయ్యి ఆపేవాడు. ఇంకొంచెం పోస్తే బెల్లం నల్లబడుతుంది, నాలుక మీద సున్నం తగులుతుంది. చిత్తూరు మార్కెట్లో అట్లాంటి దిమ్మకు రేటు పడిపోతుంది.

ఇప్పుడు రంగు కోసం హైడ్రోస్ అనే సల్ఫర్ రసాయనం చల్లుతున్నారు. పచ్చగా మెరుస్తుంది, కొనేవాళ్లు కూడా అదే అడుగుతున్నారు. నాకు అది అస్సలు నచ్చదు. బెండ చెట్టు జిగురుతో మడ్డి తీసి, సున్నం మోతాదుగా వేస్తే వచ్చే బెల్లం రంగు కొంచెం ముదురు, కానీ అదే అసలు బెల్లం. కొనేవాళ్లు ముదురు రంగు అడగడం మొదలుపెడితే మేం హైడ్రోస్ డబ్బా ముట్టుకోం.

రేణిగుంట_జంక్షన్

చర్చ బాగుంది. కానీ ఆమ్ల వర్షం అని పుస్తకాల్లో చదువుతాం కదా, మన దగ్గర అది ఉందా? తిరుపతి చుట్టూ కొండలు, అడవి. మనం దాని గురించి టెన్షన్ పడాల్సిన పని ఉందంటారా?

మందార_టీచర్ (తిరుపతి)

మంచి ప్రశ్న. ముందు ఒక సంగతి. శుభ్రమైన వాన కూడా 7 ఉండదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ కరిగి 5.6 దగ్గర ఉంటుంది. అంతకంటే కింద ఉంటేనే ఆమ్ల వర్షం అంటారు. బొగ్గు, డీజిల్ కాలినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు మేఘంలో సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలుగా మారతాయి. ఇంగ్లండ్‌లో రాబర్ట్ ఆంగస్ స్మిత్ 1872లోనే దీని మీద పుస్తకం రాశాడు. స్వీడన్, నార్వే చెరువుల్లో చేపలు పోయింది వాళ్ల ఊరి పొగతో మాత్రమే కాదు, గాలితో కొట్టుకొచ్చిన పక్క దేశాల పొగతో కూడా. కాబట్టి చుట్టూ అడవి ఉంటే చాలు అనుకోలేం.

మన దేశంలో ఒక అదృష్టం ఉంది. మన నేల దుమ్ములో కాల్షియం ఎక్కువ. ఆ దుమ్ము గాలిలో లేచి ఆమ్లాన్ని చాలావరకు విరిచేస్తుంది. అందుకే మన దగ్గర చాలా చోట్ల వాన అంత పుల్లగా ఉండదు. కానీ వానాకాలం చివరికి, దుమ్మంతా కడిగేసుకున్నాక, ఆ రక్షణ తగ్గుతుంది. దుమ్ము ఉంది కాబట్టి పొగ వదలొచ్చు అనుకోవడం సరి కాదు. పాకాల దారిలో గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లే అవకాశం వస్తే వదులుకోకండి. గాలి కూడా కొలవాల్సిన వస్తువే అని వాళ్లకు అక్కడ కళ్లారా తెలుస్తుంది.

శనగచేను (పుంగనూరు)

నేను మధ్యలో ఒక మాట. థర్మల్ ప్లాంటు పొగలోంచి సల్ఫర్ తీయడానికి సున్నపురాయి పొడి నీళ్లలో కలిపి పొగ మీద చల్లుతారు. పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ రాయితో కలిసి చివరికి జిప్సం అవుతుంది. ఆ జిప్సమే మనం వేరుశనగకు పూత దశలో ఎకరాకు 200 కిలోలు వేసేది! ఊడలు దిగేటప్పుడు కాల్షియం అందితేనే గింజ నిండుతుంది. గాలిని పాడుచేసేది చేలో పంటకు పనికొస్తుందంటే ఎంత మంచి సంగతి. 2015లో కేంద్రం థర్మల్ ప్లాంట్లలో సల్ఫర్ తీసే ఈ యంత్రాలు పెట్టాలని నిబంధన తెచ్చింది, గడువులు పొడిగిస్తూ పోయింది, 2025 జూలైలో చాలా ప్లాంట్లకు అవసరం లేదని సడలించింది. మన బొగ్గులో సల్ఫర్ తక్కువ అన్నది వాళ్ల వాదన. తక్కువే, నిజమే. కానీ కాల్చే బొగ్గు ఎంతో కూడా చూడాలి కదా. నాకైతే ఆ సడలింపు నచ్చలేదు.

జిప్సం వేస్తే నేల పులుపు తగ్గుతుందని కొందరు రైతులు అనుకుంటారు. తగ్గదు. అది కాల్షియం ఇస్తుంది, సల్ఫర్ ఇస్తుంది, అంతే. పులుపు తగ్గాలంటే సున్నమే వేయాలి. నేల పీహెచ్ 5.5 కంటే దిగితే మట్టిలోని అల్యూమినియం కరిగి వేర్లను కురచ చేస్తుంది, వేరు బుడిపెల్లో నత్రజని పట్టే బ్యాక్టీరియా కూడా నీరసిస్తుంది. ఏటా యూరియా, అమ్మోనియం సల్ఫేట్ గుమ్మరించే ఎర్ర నేలల్లో ఇది మెల్లగా జరుగుతుంది. అందుకే భూసార పరీక్ష కార్డులో మొదటి గడిలోని పీహెచ్ చూడకుండా ఎరువు కొనకండి.

గ్రావిటీ_అన్న (తిరుపతి)

అందరూ పులుపు పెరిగితే ప్రమాదం అంటున్నారు. మా పనిలో లెక్క తిరగబడుతుంది. పులుపు తగ్గితే కరెంటు అయిపోయినట్టు.

ఇన్వర్టర్ బ్యాటరీలు సర్వీస్ చేస్తాను. పక్కనే కరకంబాడిలో పెద్ద బ్యాటరీ ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఇక్కడ ఈ పని తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఫ్రాన్స్‌లో ప్లాంటే 1859లో తయారు చేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీయే ఇప్పటికీ మన ఇన్వర్టర్ కింద కూర్చుంది. ఒక పలక సీసం, ఇంకోటి సీసం ఆక్సైడ్, మధ్యలో నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. ఫ్యాను తిరుగుతున్నంతసేపు యాసిడ్‌లోని సల్ఫేటు పలకల్లోకి వెళ్లిపోతుంటుంది, ద్రవం నీళ్లకు దగ్గరవుతుంది. ఛార్జింగ్ పెడితే మళ్లీ బయటికి వస్తుంది. కాబట్టి యాసిడ్ ఎంత చిక్కగా ఉందో కొలిస్తే బ్యాటరీలో ఎంత మిగిలిందో తెలుస్తుంది.

మేం దాన్ని గ్రావిటీ అంటాం. హైడ్రోమీటర్ రబ్బరు బుడ్డి నొక్కి సెల్‌లో పెట్టి వదిలితే యాసిడ్ గాజు గొట్టంలోకి ఎక్కుతుంది, లోపలి తేలుడు నిలబడుతుంది. ఫుల్ ఛార్జ్‌లో రకాన్ని బట్టి 1.240 నుంచి 1.280 దాకా చూపిస్తుంది. 1.150 దగ్గర తేలుడు లోతుకు దిగిపోయిందంటే బ్యాటరీ ఖాళీ. ఆరు సెల్‌లలో అయిదు ఒకేలా ఉండి ఒకటి కింద ఉంటే ఆ సెల్ పోయింది. ఖాళీ బ్యాటరీని వారాల తరబడి అట్లాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టి గడ్డ కడుతుంది, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా కరగదు. ఊరికి పోయేవాళ్లు ఫుల్ ఛార్జ్ చేసి వెళ్లండి.

గ్రావిటీ తగ్గిందని కొందరు యాసిడ్ కొనుక్కొచ్చి పోస్తారు. అస్సలు చేయకండి! యాసిడ్ ఎక్కడికీ పోలేదు, పలకల్లో ఉంది. ఛార్జింగ్‌లో ఆవిరైపోయేది నీళ్లు మాత్రమే. డిస్టిల్డ్ వాటర్ పోయాలి, అదీ గుర్తు దాకానే. బోరు నీళ్లు అసలొద్దు, అందులోని ఇనుము, క్లోరైడ్ లోపల కూర్చుని బ్యాటరీని తినేస్తాయి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, నిప్పు రవ్వ చాలు పేలడానికి. మెట్ల కింద మూసిన అరలో, పక్కనే దీపం వెలిగించే గూడు ఉన్న ఇళ్లు చూశాను. తలుపుకు జాలీ పెట్టించండి, దీపం వేరే చోటికి మార్చండి.

టెర్మినల్ దగ్గర తెల్లగా, పచ్చగా చిలుము కడుతుంది కదా, వంట సోడా నీళ్లలో కలిపి పాత బ్రష్‌తో రుద్దితే నురగ వచ్చి పోతుంది. ఆ నీళ్లు సెల్ లోపలికి చుక్క కూడా పోకూడదు, మూతలు బిగించి చేయండి. ఆరాక వాజలిన్ పూయండి.

రాజమహల్_వీధి (చంద్రగిరి)

చిలుము అనగానే ఇత్తడి దీపం, చింతపండు గుర్తొచ్చాయి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడ్‌ను కరిగిస్తుంది, దీపం తళతళలాడుతుంది. ఆ గుణమే వంటలో ప్రమాదం. ఇత్తడి గిన్నెకు కళాయి పూయించేది అందుకే, పులుసు రాగిని ముట్టుకోకుండా. కళాయి చెరిగిన గిన్నెలో చారు కాచకండి.

నేను పాత కట్టడాల మరమ్మతు పని చేస్తాను. తాజ్‌మహల్ పాలరాయి గురించి అందరికీ తెలుసు, 1996లో సుప్రీంకోర్టు చుట్టుపక్కల ఫ్యాక్టరీలు బొగ్గు మానేయాలని ఆదేశించింది. పాలరాయి అంటే కాల్షియం కార్బనేట్, ఆమ్లం తగిలితే కరుగుతుంది. మన గుళ్లు ఎక్కువగా గ్రానైట్, దానికి ఆ భయం తక్కువ. తిరుమల శిలాతోరణం క్వార్ట్‌జైట్, అంటే దాదాపు అంతా సిలికా. మామూలు ఆమ్లాలు దాన్ని ఏమీ చేయలేవు.

మరి మనకు బెంగ దేనికి? గోపురాల మీద బొమ్మలు, కోటల గోడల పూత సున్నంతో చేసినవి. చంద్రగిరి రాజమహల్ కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో లేచిన కట్టడం. ఆరిన సున్నం కూడా కాల్షియం కార్బనేటే, పాలరాయి జాతిదే. పాతకాలం మేస్త్రీలు సున్నాన్ని రోజుల తరబడి నానబెట్టి, బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపి దంచేవాళ్లు. అట్లాంటి పూతలో నీరు లోపలికి దిగినా మళ్లీ ఊపిరి తీసినట్టు బయటికి పోతుంది. దాని మీద సిమెంటు పూసి, ఆయిల్ పెయింటు కొడితే లోపలి తేమ చిక్కుకుపోయి పొరలు పొరలుగా ఊడుతుంది. నాచు తొందరగా పోవాలని యాసిడ్‌తో కడిగే పని నేను కళ్లారా చూశాను. నాచుతో పాటు బొమ్మ ముక్కు, వేళ్లు కూడా నురగై పోతాయి. చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది. మెత్తటి బ్రష్, నీళ్లు, ఓపిక ఉంటే నాచు పోతుంది, బొమ్మ మిగులుతుంది.

కొత్త ఇళ్లకూ ఇది వర్తిస్తుంది. కాంక్రీటు లోపల పీహెచ్ 12.5 దాటి ఉంటుంది. ఆ క్షారమే ఇనుప కడ్డీ మీద కంటికి కనిపించని పొర కట్టి తుప్పు రాకుండా కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకి దాన్ని 9 కిందికి తెస్తే ఆ పొర పోతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి స్లాబు పెచ్చులు ఊడుతాయి. కడ్డీ మీద కవరింగ్ (కడ్డీని కప్పే కాంక్రీటు మందం) సరిగా వదలని మేస్త్రీతో మొహమాటపడకండి. పోసేటప్పుడు పక్కన నిలబడి కవర్ బ్లాకులు పెట్టించండి.

తోతాపురి_తోట (బంగారుపాళ్యం)

తిరుపతి నుంచి పేపర్ తెప్పించి చూశాం. 6.2 చూపించింది. ఆవులదొడ్డి అన్న చెప్పినట్టు పక్కూరి ప్లాంటు స్లర్రీ పోసి, మేత ఆపాం. వంట సోడా కొంచెం వేశాం. ఇప్పుడు 6.8 దగ్గరుంది, మంట నిలుస్తోంది. అందరికీ రుణపడి ఉంటాం. ఇంకో సమస్య: పొయ్యి బర్నర్ నల్లగా తినేసింది, పైపు బెండ్ల దగ్గర తుప్పు. ఇది కూడా పులుపేనా?

ఆవులదొడ్డి (పలమనేరు)

సంతోషం తమ్ముడూ. బర్నర్‌ను తినేది హైడ్రోజన్ సల్ఫైడ్, దానికి తేమ తోడు. కాలితే సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, నీటి ఆవిరితో కలిసి ఆమ్లం అవుతుంది. గ్యాస్ లైన్లో ఒక పొడవాటి డబ్బా పెట్టి అందులో తుప్పు పట్టిన ఇనుప రజను నింపండి. తుప్పు ఆ గ్యాస్‌ను పట్టుకుని నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. నల్లబడ్డాక తీసి ఎండకు పరిస్తే మళ్లీ ఎర్రబడుతుంది, ఇంకోసారి వాడుకోవచ్చు. పరిచినప్పుడు వేడెక్కుతుంది, గడ్డివామి దగ్గర పెట్టకండి. పైపు కింద భాగంలో నీళ్లు దిగే కొళాయి ఉంటే వారానికోసారి వదలండి. వచ్చే సీజన్‌కు తొక్క వేయాలనుకుంటే పేడలో పదో వంతుతో మొదలుపెట్టి, పేపర్ చూస్తూ మెల్లగా పెంచు. పేపర్ 6.7 చూపిస్తే ఆ రోజుకు తొక్క బంద్.

రాజమహల్_వీధి (చంద్రగిరి)

డోమ్ లోపలి పూత కూడా చూసుకోవాలి. స్లర్రీ మట్టానికి పైన, గాలి తగిలే అంచుల దగ్గర ఒక రకం బ్యాక్టీరియా ఆ హైడ్రోజన్ సల్ఫైడ్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. డ్రైనేజీ మ్యాన్‌హోళ్ల పైకప్పు కింది భాగం కంటే ముందు పాడయ్యేది దీనివల్లే. బయటి తొట్టి గోడ పై అంచు గీరి చూడండి. సిమెంటు మెత్తగా పిండిలా రాలితే పూత మార్చే సమయం వచ్చినట్టు.

రేణిగుంట_జంక్షన్

గ్రావిటీ అన్నా, నాదొక సందేహం. మా వీధి చివర పాత బ్యాటరీలు కొనే మనిషి ఒకడున్నాడు. యాసిడ్ కాలవలో వంచేసి ఖాళీ డబ్బా తీసుకెళ్తాడు. అడిగితే సున్నం చల్లుతున్నా కదా, పులుపు పోతుంది అంటాడు. అది సరిపోతుందా?

గ్రావిటీ_అన్న (తిరుపతి)

సరిపోదు తమ్ముడూ. సున్నంతో పులుపు పోతుంది, సీసం పోదు. వాడిన యాసిడ్‌లో సీసం కలిసి ఉంటుంది, అడుగున బూడిదరంగు మడ్డి ఉంటుంది కదా, అదంతా సీసమే. కాలవ గట్టున ఎండిపోయి దుమ్ముగా లేస్తుంది. ఆ మట్టిలో ఆడుకునే పిల్లల ఒంట్లో చేరితే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

పాత బ్యాటరీకి ఎక్కువ రేటు ఇస్తానని ఇంటికొచ్చే వాళ్లకు ఇవ్వకండి. వాళ్లలో కొందరు పెరట్లోనే సీసం కరిగిస్తారు, ఆ పొగ ఊరంతా పీల్చాలి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపించే బాధ్యత తయారీదారులదే. కొత్తది కొనేటప్పుడు పాతది యాసిడ్‌తో సహా, మూతలు బిగించి, నిలువుగా పెట్టి షాపులోనే ఇచ్చి, దాని రేటు బిల్లులో రాయించుకోండి. మీ వీధి మనిషితో కూడా ఒకసారి మాట్లాడండి, నింపిన బ్యాటరీ బరువు ఎక్కువ కాబట్టే వంచేస్తుంటాడు. వినకపోతే ఫొటో తీసి మున్సిపాలిటీ వాళ్లకు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఫిర్యాదు రాయడానికి సాయం కావాలంటే ఇక్కడే అడగండి, నేను రాసిపెడతాను.